బార్డర్‌లో జవాను గోలీ ఎప్పుడు కాల్చవచ్చు? తమ్ముడికి బీఎస్ఎఫ్ వచ్చింది, తెలిసినవాళ్ళు చెప్పండి

మిర్యాలగూడ శ్రీను

అందరికీ నమస్తే. మా తమ్ముడు స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) పెట్టే జీడీ కానిస్టేబుల్ పరీక్ష తెలుగులోనే రాసి సరిహద్దు భద్రతా దళం బీఎస్ఎఫ్‌లో కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయ్యాడు. వచ్చే నెల ట్రైనింగ్‌కు పోవాలి. ఇంట్లో సంబరం ఉంది కానీ అమ్మకు ఒకటే టెన్షన్. ఇదివరకు బెంగాల్ బార్డర్‌లో చేసొచ్చిన మా చుట్టం ఒకాయన, రాత్రిపూట పశువులను దాటించే ముఠాలు కత్తులు పట్టుకుని మీదికి వస్తాయని, కాలిస్తే ఎంక్వైరీ, కాల్చకపోతే ప్రాణం పోతుందని ఆమె ముందే చెప్పాడు. అప్పటి నుంచి ఆమెకు సరిగ్గా నిద్ర లేదు.

నేను అడిగేది ఒకటే. బార్డర్‌లో ఉన్న జవాను ఎప్పుడు కాల్చవచ్చు, ఎప్పుడు కాల్చకూడదు? రాసిపెట్టిన రూల్ ఉందా, లేక అక్కడున్న ఆఫీసర్ చెప్పిందే రూలా? యూట్యూబ్‌లో ఒకడు కనబడితే కాల్చేయాలంటాడు, ఇంకొకడు తుపాకీ ఉత్తగా పట్టుకోవడానికే అంటాడు. ఫోర్స్‌లో చేసినవాళ్ళు, లా తెలిసినవాళ్ళు చెప్పండి.

పేట పోరడు

శ్రీనన్నా, తమ్ముడికి అభినందనలు. నేను సూర్యాపేటవాణ్ణి, అందుకే సూటిగా చెప్తున్నా. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో మా కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు గారితో కలిపి 20 మంది మనవాళ్ళు చనిపోయారు. చైనావాళ్ళు మేకులు కొట్టిన రాడ్లతో, రాళ్ళతో వచ్చారు. మనవాళ్ళ దగ్గర తుపాకులున్నాయి, కాల్చలేదు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని 1996లో రాసుకున్న ఒప్పందం ఉంది కాబట్టి. ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చారు, పేటలో విగ్రహం పెట్టారు. ఆ చౌరస్తా దాటిన ప్రతిసారీ, ఆ కాగితం లేకపోతే ఎంతమంది ప్రాణాలతో ఇంటికి వచ్చేవాళ్ళో అనిపిస్తుంది నాకు. సరిహద్దులో నిలబడ్డవాడి చేతులు కట్టేసి, నువ్వు చచ్చినా పర్వాలేదు రూల్ మాత్రం తప్పొద్దు అంటే అది న్యాయం కాదు. మీ తమ్ముడికి నేను చెప్పేది, ముందు నీ ప్రాణం చూసుకో, ఎంక్వైరీ తర్వాత చూసుకోవచ్చు.

దేవరకొండ మాజీ జవాన్

శ్రీను తమ్మీ, నేను బీఎస్ఎఫ్‌లోనే చేసి రిటైరై వచ్చాను. ఎక్కువ కాలం బెంగాల్‌లోనే ఉన్నా. పేట తమ్ముడి బాధ నాకు అర్థమవుతుంది, ఆ రోజు మా ఇంట్లో కూడా ఎవరం అన్నం ముట్టలేదు. కానీ ఈ రెండూ ఒకటి కాదు. గల్వాన్‌లో ఉన్నది సైన్యం, ఎదురుగా ఉన్నది ఇంకో దేశం సైన్యం. బీఎస్ఎఫ్ హోంశాఖ కింద పనిచేసే ఫోర్స్, 1965 యుద్ధం అయ్యాక అదే ఏడాది డిసెంబర్ 1న పెట్టారు. బెంగాల్‌లో రాత్రిపూట మీ తమ్ముడికి ఎదురయ్యేవాడు చాలాసార్లు లుంగీ కట్టుకున్న కూలి మనిషి. పశువును దాటిస్తే ఇంత అని మాట్లాడుకుని వచ్చినవాడు. అసలు వ్యాపారం చేసేవాడు ఎప్పుడూ లైన్ దగ్గరికి రాడు, ఇంట్లో పడుకుంటాడు.

బంగ్లాదేశ్‌తో మనకు 4,096 కిలోమీటర్ల సరిహద్దు. చాలాచోట్ల కంచె జీరో లైన్ మీద, అంటే అసలు సరిహద్దు గీత మీద ఉండదు, 150 గజాలు లోపలికి ఉంటుంది. 1975లో రెండు దేశాలూ కలిసి పెట్టుకున్న పద్ధతి వల్ల అలా వచ్చింది. అంటే కంచె అవతల కూడా మన భూమి, మన రైతుల పొలాలు ఉంటాయి. పొద్దున గేటు తీస్తాం, రైతు కార్డు మా దగ్గర పెట్టి, రిజిస్టర్‌లో పేరు రాయించుకుని పోతాడు, సాయంత్రం గేటు మూసేలోపు తిరిగి రావాలి. చలికాలం మంచు దిగితే ఫ్లడ్‌లైట్ వెలుగుతున్నా కంచె దగ్గర తెల్లగా గోడ కట్టినట్టు ఉంటుంది, మనిషి పక్కకు వచ్చేదాకా కనబడడు. ఆ మంచులో కదిలినవాడు దొంగా, గేటు టైం దాటిపోయిన ముసలి రైతా అన్నది తేలకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు.

మేం చేసిన పద్ధతి చెప్తాను. ముందు గట్టిగా అరిచి ఆగమనాలి, టార్చ్ వేయాలి, విజిల్ కొట్టాలి, పక్క నాకా (కాపలా చోటు) వాళ్ళకు చెప్పాలి. గుంపు ఆగకుండా వస్తుంటే పెద్ద చప్పుడుతో బెదరగొట్టే స్టన్ గ్రెనేడ్, ఆ తర్వాత రబ్బరు పెల్లెట్లు కొట్టే పంప్ యాక్షన్ గన్. రైఫిల్ అన్నిటికంటే చివర, అది కూడా నీ ప్రాణానికో నీతో డ్యూటీలో ఉన్న జోడీ ప్రాణానికో ముప్పు వచ్చినప్పుడే. అప్పుడు మాత్రం ఆలోచించేంత టైం ఉండదు. దావ్ అని పొడవాటి కత్తి పట్టుకుని వస్తారు. ఒకసారి నా జోడీ మోచేతి మీద పడింది ఆ కత్తి, స్వెటర్, చొక్కా, చర్మం ఒకే గీతలో తెగిపోయాయి. నేను కాల్చాను. గాలిలోకి. వాళ్ళు పారిపోయారు. తెల్లారి ఆ ఒక్క తూటా ఖాళీ తొడుగు దొరికేదాకా గడ్డిలో వెతికించారు మమ్మల్ని. ప్రతి తూటాకు లెక్క చెప్పాలి, అది మంచిదే.

హాలియా రైతుబిడ్డ

కంచె దాటి వచ్చినవాణ్ణి కాల్చొద్దంటే కంచె ఎందుకు సార్? అంత ఖర్చు పెట్టి కట్టి, వచ్చినోణ్ణి ఆగమని బతిమాలడమా?

నల్లగొండ వకీలు

ఇది నేను చెప్తాను, రోజూ కోర్టులో చూసే చట్టమే కాబట్టి. పోలీసుకైనా బీఎస్ఎఫ్‌కైనా మనిషిని పట్టుకోవడానికి అవసరమైనంత బలం వాడే హక్కు ఉంది. కానీ అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్‌లో గీత గీసి ఉంది. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం ఆరోపణ లేని మనిషిని, అరెస్టు చేయడం కోసమని చంపకూడదు. పాత సీఆర్‌పీసీలో 46గా ఉన్నదే ఇది. ఇప్పుడు లెక్క చూడండి. పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలోకి వస్తే 2025లో వచ్చిన విదేశీయుల చట్టం ప్రకారం 5 ఏళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. స్మగ్లింగ్‌కు కస్టమ్స్ చట్టంలో 7 ఏళ్ళ వరకు. కోర్టు కూడా 7 ఏళ్ళకు మించి వేయలేని నేరానికి, మంచులో నిలబడ్డ కుర్రాడు మరణశిక్ష వేయవచ్చా? వేయకూడదు. కంచె ఉన్నది ఆపడానికి, ఆలస్యం చేయడానికి, పట్టుకోవడానికి.

రెండో వైపు కూడా చెప్పాలి. కత్తి మీదికి వచ్చినప్పుడు సంగతి వేరు. ఆత్మరక్షణ హక్కు జవానుకూ ఉంది, మామూలు మనిషికీ ఉంది. చస్తామనో, తీవ్రంగా గాయపడతామనో నిజంగా భయం ఉంటే ఎదుటివాడి ప్రాణం పోయేదాకా కూడా ఆ హక్కు పోతుంది, భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షన్. మాజీ జవాన్ గారు చెప్పిన పద్ధతి చట్టానికి సరిగ్గా సరిపోతుంది. పరుగెత్తి పోయేవాడి వీపు మీద కాల్చడం వేరు, మీదికి వచ్చేవాణ్ణి ఆపడం వేరు.

పాలమూరు లక్ష్మి

మా తమ్ముడు టెక్సాస్‌లో కింగ్స్‌విల్‌లో చదివాడు, మన పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు. సౌత్ పాద్రే బీచ్‌కు పోయి వచ్చేటప్పుడు సరీటా అనే చోట హైవే మీదే బార్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంటుంది. మెక్సికో సరిహద్దు నది మీద కాదు, దేశం లోపల. అద్దం దించి పాస్‌పోర్టు, స్టూడెంట్ వీసావాళ్ళకు కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం చూపించాలి, ఒక కుక్క కారు చుట్టూ వాసన చూస్తుంది. వాడు భయపడలేదు కానీ మొదటిసారి అయ్యాక నాకు ఫోన్ చేసి, అక్కా, చేతులు స్టీరింగ్ మీదే పెట్టుకుని కూర్చున్నాం అన్నాడు. అప్పటి నుంచి ఆ ఫోర్స్ గురించి చదవడం మొదలుపెట్టాను.

అక్కడ కూడా ఇదే గొడవ. 2010లో ఎల్ పాసో దగ్గర సెర్జియో హెర్నాండెజ్ అనే 15 ఏళ్ళ పిల్లాణ్ణి ఏజెంట్ అమెరికా వైపు నిలబడి కాల్చాడు, పిల్లాడు మెక్సికో వైపు పడిపోయాడు. తల్లిదండ్రులు పదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగితే, 2020లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో వాళ్ళకు నష్టపరిహారం దావా వేసే హక్కే లేదంది. కాల్చిన చేయి ఒక దేశంలో, తగిలిన ఒళ్ళు ఇంకో దేశంలో. 2012లో నొగాలెస్‌లో ఇంకో 16 ఏళ్ళ పిల్లాడు. కంచె ఎత్తయిన గుట్ట మీద ఉంది, పిల్లాడు కింద మెక్సికో వీధిలో ఉన్నాడు. ఏజెంట్ 16 సార్లు కాల్చాడు. రాళ్ళు వేశారన్నది అతని వాదన. 2018లో రెండుసార్లు విచారణ జరిగింది, శిక్ష పడలేదు. గుట్ట కింద నుంచి వేసిన రాయికి 16 తూటాలు ఎలా సమాధానం అవుతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పేట పోరడు

లక్ష్మక్కా, రాయి అంటే మీకు చిన్నగా కనబడుతుంది. తలకు తగిలితే మనిషి పోతాడు. గల్వాన్‌లో రాళ్ళే కదా వాడింది.

వకీల్ సాబ్, మీకూ ఒకటి గుర్తు చేస్తా. 2015 ఏప్రిల్ మొదట్లో మా సూర్యాపేట బస్టాండులో పోలీసులు బస్సు తనిఖీ చేస్తుంటే లోపలున్నవాళ్ళు తుపాకీ తీసి కాల్చేశారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు అక్కడికక్కడే పోయారు. వాళ్ళు సెక్షన్ చూసుకునే టైం లేదు. కొన్ని రోజులకే జానకీపురంలో ఎదురుకాల్పుల్లో ఇంకా పోలీసులు పోయారు. ఆ ఇళ్ళకు నేను పోయాను. ముందు ఎవడు కాల్చాలి అన్న ప్రశ్నకు జవాబు ఆ ఇళ్ళల్లో వేరేగా వినబడుతుంది. రూల్ పుస్తకం రాసేవాళ్ళు ఒక్కరోజు అక్కడ నిలబడి రాయాలి.

షాద్‌నగర్ బైపాస్

పేట తమ్ముడూ, నువ్వు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఆ కథ అక్కడే ఆగలేదు కదా. అదే వారంలో, ఏప్రిల్ 7న ఆలేరు దగ్గర పోలీసు వ్యానులో వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ తీసుకొస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలను కాల్చి చంపారు. చేతులకు బేడీలున్న ఫోటోలు పేపర్లలో వచ్చాయి. వాళ్ళు తుపాకీ లాక్కోబోయారన్నారు. నాలుగేళ్ళ తర్వాత మా షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపి అదే మాట చెప్పారు. ఆ తెల్లవారి మా జనం పోలీసుల మీద పూలు చల్లారు, నా కళ్ళారా చూశాను. 2022లో సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికి వస్తే, ఆత్మరక్షణ అన్నది నిజం కాదని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని ఉంది అందులో.

ముందు ప్రాణం, ఎంక్వైరీ తర్వాత అంటే నాకు భయం ఎందుకంటే, ఆ 'తర్వాత' ఎప్పటికీ రాదు. వ్యానులో ఉన్నవాళ్ళు బస్టాండులో కాల్చినవాళ్ళు కాదు, అప్పటికే జైల్లో ఉన్నవాళ్ళు, వాళ్ళ మీదున్న కేసు కోర్టులో తేలాల్సింది. వ్యానులో చంపేశాక ఆ కేసులో ఎవరు ఏం చేశారో తేల్చే దారి కూడా పోయింది.

నిర్వాహకులు

సభ్యులు పార్టీల పేర్లు, మతాల పేర్లు తీసుకురాకుండా రాయండి. రెండు వ్యాఖ్యలు తీసేశాం. మిగతా చర్చ బాగుంది, కొనసాగించండి.

నారాయణపేట టీచరమ్మ

ఫెలానీ అనే అమ్మాయి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. 2011 జనవరి 7, కూచ్ బిహార్ వైపు సరిహద్దు. కూలి కోసం మన దేశానికి వచ్చిన కుటుంబం. 15 ఏళ్ళ అమ్మాయి పెళ్ళి కోసం తండ్రితో కలిసి బంగ్లాదేశ్‌లోని సొంతూరికి పోతోంది. వెదురు నిచ్చెన వేసుకుని కంచె ఎక్కారు, తండ్రి దాటాడు, ఆమె బట్టలు ముళ్ళ తీగకు చిక్కుకున్నాయి. భయపడి కేక వేసింది. కానిస్టేబుల్ కాల్చాడు. ఆమె శవం గంటల తరబడి ఆ తీగకే వేలాడింది.

ఆమె మన దేశంలోకి రావడం లేదు, బయటికి పోతోంది. చేతిలో ఏమీ లేదు. బీఎస్ఎఫ్ సొంత కోర్టు 2013లో ఆ కానిస్టేబుల్ నిర్దోషి అంది, మళ్ళీ చూడమంటే 2015లోనూ అదే చెప్పింది. మా బడిలో తొమ్మిది, పది తరగతుల్లో ఉన్న ఆడపిల్లలకు అదే వయసు. పాలమూరు నుంచి ముంబై, పుణె పోయే కూలీల పిల్లలు వాళ్ళు, పండగలకు రాత్రి బస్సుల్లో ఊరికి వస్తారు. మన వలసకు మధ్యలో కంచె లేదు, అంతే తేడా. శ్రీను గారూ, మీ తమ్ముడికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి, భయపెట్టడానికి కాదు, ఆ చోట తను ఉంటే ఏం చేస్తాడో ముందే అనుకోవాలి.

దేవరకొండ మాజీ జవాన్

టీచరమ్మా, ఆ కేసు తర్వాతే మా దగ్గర చాలా మారింది. రబ్బరు పెల్లెట్ల తుపాకులు ఎక్కువగా ఇచ్చారు, రైఫిల్‌తో కాల్చే ముందు ఆలోచించాలని ప్రతి రోల్‌కాల్‌లో చెప్పేవాళ్ళు. మా బెటాలియన్‌లో కొందరు దాన్ని తిట్టుకున్నారు కూడా, పేట తమ్ముడిలాగే. ముఠాలకు మనం కాల్చమని తెలిసిపోయింది, మీదికి రావడం ఎక్కువైంది అని. అది కూడా నిజమే, నేను దాచను.

ఇంకోటి. ప్రాణం తీయని ఆయుధం అంటారు కానీ పంప్ యాక్షన్ గన్‌ను దగ్గర నుంచి ముఖం మీద కొడితే కన్ను పోతుంది. నడుము కిందికి, దూరం చూసి కొట్టాలి. ఇది ట్రైనింగ్‌లో ఒకసారి చెప్తే సరిపోదు, చేయికి అలవాటు కావాలి. రోజంతా ఎండలో నిలబడి, రాత్రి మళ్ళీ నాకా ఎక్కి, నిద్ర సరిగ్గా లేనివాడి చేయి తప్పుతుంది. నా అనుభవంలో చెడ్డ కాల్పుల వెనుక కోపం కంటే అలసట ఎక్కువ. ఒక్కో జోడీకి ఇచ్చే లైన్ తగ్గించి, మనుషులను పెంచి, డ్యూటీ గంటలు తగ్గిస్తే సగం గొడవ తగ్గుతుంది. దీని గురించి టీవీలో ఒక్కరూ మాట్లాడరు.

పాలమూరు లక్ష్మి

జవాన్ అన్న చెప్పినదే అమెరికాలో ఒక నివేదికలో ఉంది. పోలీసు పరిశోధన సంస్థ ఒకదాన్ని పిలిచి సరిహద్దు కాల్పులు 67 చూడమన్నారు, అందులో 19 మంది చనిపోయారు. కొన్నిచోట్ల ఏజెంట్లు కావాలనే కదులుతున్న బండికి అడ్డంగా నిలబడి, బండి మీదికి వస్తోందని కాల్చారని రాశారు. రాళ్ళు వేస్తే పక్కకు జరిగే వీలున్నా కాల్చారని రాశారు. మొదట ఆ ఫోర్స్ ఒప్పుకోలేదు, నివేదికను బయటపెట్టలేదు. 2014 మార్చిలో వాళ్ళ చీఫ్ ఆదేశం ఇచ్చాడు, వీలైతే బండి దారి నుంచి తప్పుకోవాలి, రాళ్ళు పడే చోటు నుంచి వెనక్కి జరగాలి, ప్రాణానికి ముప్పు ఉంటేనే కాల్చాలి అని. 2021 నుంచి ఒంటి మీద కెమెరాలు కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. పేట తమ్ముడూ, రాయి చిన్నదని నేను అనడం లేదు. రాయి నుంచి పక్కకు జరగగలిగినప్పుడు జరగమంటున్నా.

పేట పోరడు

అక్కా, ఎడారిలో జరగవచ్చు. గల్వాన్‌లో ఒకవైపు కొండ, ఇంకోవైపు నది, ఎక్కడికి జరుగుతారు? అదే ఏడాది సెప్టెంబరులో లద్దాఖ్‌లోనే పాంగాంగ్ సరస్సు దగ్గర హెచ్చరిక కాల్పులు జరిగాయి, 1975 తర్వాత ఆ రేఖ మీద తూటా పేలడం అదే మొదటిసారి. ఒప్పందం ఇద్దరూ పాటిస్తేనే ఒప్పందం. ఫెలానీ విషయంలో మాత్రం టీచరమ్మ మాటకు నేను అడ్డు చెప్పను, తీగకు చిక్కిన పిల్లను కాల్చొద్దని చెప్పడానికి ఏ రూలూ అక్కర్లేదు, కాల్చకూడదు అంతే.

వేములపల్లి మిల్లు

మా రైస్ మిల్లులో బీహార్, బెంగాల్ హమాలీలు ఉంటారు. 2025లో బెంగాలీ మాట్లాడితే చాలు బంగ్లాదేశీ అని పట్టుకుంటున్నారని వాళ్ళకు ఒకటే భయం, ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని జేబులోనే తిరిగేవాళ్ళు. బీర్‌భూమ్ జిల్లా గర్భిణిని ఢిల్లీలో పట్టుకుని అవతలికి పంపేస్తే, సుప్రీంకోర్టు దాకా పోయాక డిసెంబరులో వెనక్కి తెచ్చారు. కాల్పులు లేకపోయినా అది బలం వాడటమే. ఎవరిని ఆపుతున్నామో ముందు సరిగ్గా తెలుసుకోండి అని తమ్ముడికి చెప్పండి శ్రీనన్నా.

మిర్యాలగూడ శ్రీను

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్. అన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. వాడు ఒకటి అడిగాడు. పై ఆఫీసర్ కాల్చమని ఆర్డర్ ఇస్తే ఏం చేయాలి? కాల్చకపోతే క్రమశిక్షణ కేసు, కాలిస్తే హత్య కేసు అయితే కానిస్టేబుల్ ఎటు పోవాలి?

నల్లగొండ వకీలు

సరైన ప్రశ్న. ఆర్డర్ ఇచ్చారు కాబట్టి చేశాను అన్నది ప్రతిసారీ కాపాడదు. చూడగానే తప్పు అని తెలిసే ఆర్డర్ అయితే కాల్చినవాడికీ బాధ్యత ఉంటుంది. 2010లో శ్రీనగర్‌లో ఒక కుర్రాడు బీఎస్ఎఫ్ తూటాకు చనిపోయాడు, కమాండెంట్ చెప్తే కానిస్టేబుల్ కాల్చాడన్నది ఆరోపణ. కేసు ఇద్దరి మీదా పెట్టారు. దాన్ని మామూలు కోర్టు విచారించాలా, ఫోర్స్ కోర్టా అన్న గొడవ సుప్రీంకోర్టుకు పోయింది, 2013లో ఫోర్స్ కోర్టుకే ఇచ్చారు.

నాకు అభ్యంతరం సరిగ్గా అక్కడే. మామూలు మనిషి చనిపోయిన కేసులో, కాల్చినవాడి ఫోర్స్ అధికారులే కూర్చుని తీర్పు చెప్తే బయట ఎవరూ నమ్మరు. నిర్దోషి నిజంగా నిర్దోషి అయినా నమ్మరు, ఆ మచ్చ జవాను మీద జీవితాంతం ఉంటుంది. మానవ హక్కుల కమిషన్ కూడా 1993 చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఫోర్స్‌ల మీద సొంతంగా దర్యాప్తు చేయలేదు, కేంద్రాన్ని రిపోర్టు అడిగి సిఫారసు చేయగలదు, అంతే. ఫెలానీ కుటుంబానికి 5 లక్షలు ఇవ్వమని చెప్పింది అలాగే. మణిపూర్ ఎన్‌కౌంటర్ల కేసులో 2016లో సుప్రీంకోర్టు, సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం ఉన్న చోట కూడా అతిగా బలం వాడితే విచారణ తప్పదని స్పష్టంగా చెప్పింది. ఆ దర్యాప్తు బయటివాళ్ళు, వెంటనే, కెమెరా రికార్డు పెట్టుకుని చేస్తే మీ తమ్ముడి లాంటివాడికే ముందు మేలు.

దేవరకొండ మాజీ జవాన్

వకీల్ సాబ్ మాటకు నా వైపు నుంచి చిన్న సంగతి కలుపుతా. తమ్మీ, ఏదైనా జరిగితే వైర్‌లెస్‌లో వెంటనే చెప్పాలి, టైంతో సహా. పక్క నాకా వింటుంది, కంట్రోల్‌లో రాసుకుంటారు, తర్వాత ఎవరూ మార్చలేరు. ఎదుటివాడికి గాయమైతే మన మనిషికి కట్టినట్టే వాడికీ కట్టు కట్టాలి, ఆస్పత్రికి పంపాలి. చూసింది చూసినట్టు స్టేట్‌మెంట్ ఇవ్వాలి, వేరేవాళ్ళు రాసి తెచ్చిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టొద్దు. బెంగాలీ నాలుగు మాటలు నేర్చుకోమను, ఆగమని వాడి భాషలో అరిస్తే సగంమంది ఆగుతారు. ట్రైనింగ్ దాదాపు ఏడాది ఉంటుంది, మోకాళ్ళు జాగ్రత్త. అమ్మ ఫోన్ నంబర్ నాకు మెసేజ్ పెట్టు, నేను మాట్లాడతా.

మిర్యాలగూడ శ్రీను

పెట్టాను అన్నా. రాత్రి ఎనిమిది తర్వాత చేయండి, అప్పుడు తమ్ముడు కూడా ఇంట్లో ఉంటాడు.